పొద్దటికల్లా మాయమయ్యే మాట

అలియాబాద్ జనార్ధన్‌ను "ఎటు పోతున్నవే?" అని అడిగి సరైన జవాబు రాబట్టినవాళ్లు ఊళ్లో లేరు. "గిట్లనే" అంటాడు. శామీర్‌పేటలో తలనొప్పి బిళ్లలు కొనుక్కోవడానికి పోయినా గిట్లనే, తిరుపతికి మొక్కు తీర్చుకోవడానికి పోయినా గిట్లనే. చిక్కుడుకాయలు కొన్నా సంచి మూతి ముడిచి పట్టుకుని ఇంటికి వస్తాడు. కొడుకు శ్రవణ్ ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన సంగతి ఊరికి తెలిసేసరికి వాడు రెండో ఏడు పరీక్షలు రాస్తున్నాడు.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. కరీంనగర్ రోడ్డు పొడవునా పొలాలు ప్లాట్లవుతున్న రోజుల్లో, తన వంతుకు వచ్చిన పొలంలో వరి వేస్తూనే జనార్ధన్ ప్లాట్లు చూపించే పనిలోకి దిగాడు. ఆ పనిలో, హోటల్లో చాయ్ తాగుతూ అన్న మాట పక్క బల్ల దాకా పోయిందంటే, సాయంత్రానికి ప్లాటు కొనడానికి వచ్చిన మన పార్టీని ఇంకొకడు కారెక్కించుకుని వేరే వెంచర్ చూపిస్తుంటాడు. రెండుసార్లు అట్లా దెబ్బతిన్నాక అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఫోన్ మాట్లాడటం నేర్చుకున్నాడు. ఇప్పుడు గ్యాస్ సిలిండర్ బుక్ చేసినా అట్లాగే మాట్లాడతాడు.

భార్య రాధమ్మది వేరే దారి. ఆమె చేసిన ఉప్మా చల్లారకముందే దాని ఫొటో "మా ఇంటోళ్లు" అనే వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. అందులో అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, పాలివాళ్లు, వాళ్ల వియ్యాలవారు, ఎవరి తరఫువాడో ఎవరికీ గుర్తులేని ఒక పెద్దాయన కూడా ఉన్నారు. ఆయన రోజూ పొద్దున్నే ఒక దేవుడి బొమ్మ పెడతాడు. అందరూ దండం పెడతారు.

ఈ ఇంట్లో చిక్కంతా కూతురు అశ్రిత పెళ్లి మాటల దగ్గర వచ్చింది. అశ్రిత తుర్కపల్లి దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తుంది. రెండు సంబంధాలు వచ్చాయి, పోయాయి. మొదటివాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. రెండోవాళ్లు జాతకం కలవలేదన్నారు. జనార్ధన్ ఈ రెండింటినీ జాతకాల మీదికి తోయలేదు.

"మన ఇంట్ల మాట బయటికి పోతాంది. ఎవలో చెడగొడుతున్నరు" అన్నాడు.

ఎవరో కూడా అతనికి తెలుసు. కీసరలో ఉండే పెద్దక్క యాదవ్వ. ఎందుకంటే రెండుసార్లూ సంబంధం వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె ఫోన్ చేసి, "పిల్లగాడు ఎంత ఎత్తు ఉంటడే?" అని రాధమ్మను అడిగింది.

ఆ చుట్టుపక్కల పెళ్లి మాటలు నిలబడ్డాయనడానికి గుర్తు పూలు పండ్లు. అబ్బాయి తరఫువాళ్లు పూలు, పండ్లు, చీర తెచ్చి పిల్ల ఒడిలో పెట్టి, ఇక ఈ పిల్ల మాదే అనుకుని పోతారు. అది అయ్యేదాకా బయట చెప్పకపోవడం చాలా ఇళ్లలో ఉన్నదే. జనార్ధన్ ఆ పద్ధతిని ఇంకాస్త ముందుకు తీసుకుపోయాడు.

మూడో సంబంధం మేడ్చల్ నుంచి వచ్చింది. అబ్బాయి అన్వేష్ బ్యాంకులో ఉద్యోగి. తండ్రి అంజయ్యకు విత్తనాల దుకాణం ఉంది. పిల్లలిద్దరూ రెండుసార్లు కలిశారు. రెండోసారి తిరిగొచ్చాక అశ్రిత ఆ సాయంత్రమంతా ఫోన్ చూసుకుంటూ నవ్వుకుంది. రాధమ్మ గ్రూపులో పెట్టబోయి, మొగుడి మొహం చూసి ఆగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే వాట్సాప్ కొత్త షరతులకు ఒప్పుకొమ్మని ఫోన్లలో నోటీసు వచ్చింది. ప్లాట్లవాళ్లంతా దాని గురించే మాట్లాడుకున్నారు.

"మన మాటలన్నీ ఎక్కడో కూసొని చదువుతరట" అన్నాడు జనార్ధన్ కొడుకుతో.

"ఎవ్వలు చదవరు బాపూ. అది దుకాణాలతోని మాట్లాడే ముచ్చట."

"చదవకపోతే ఒప్పుకొమ్మని ఎందుకడుగుతడురా? నా ఇంట్ల నేను చాయ్ తాగుతా అని పక్కింటోనికి సంతకం పెట్టమంటనా?"

శ్రవణ్ ఒక వేరే యాప్ పేరు చెప్పాడు. "దాంట్ల ఇంకా భద్రం. కావాలంటే మెసేజులు ఒక్క రోజుకు వాటంతటవే మాయమయ్యేటట్టు గూడ పెట్టుకోవచ్చు."

జనార్ధన్ కుర్చీలో ముందుకు జరిగాడు. "పూరా మాయమైతయా?"

"పూరా."

"అది పెట్టు."

ఆ సాయంత్రం ఇంట్లో అందరి ఫోన్లలోకీ కొత్త యాప్ దిగింది. రాధమ్మ గునిసింది. "పిల్ల పెళ్లి చేస్తున్నమా, దొంగతనం చేస్తున్నమా?" అంది. పెళ్లి మాటలు దీంట్లో తప్ప ఎక్కడా ఆడకూడదని జనార్ధన్ అంజయ్యకూ చెప్పాడు. ఆడపిల్ల తండ్రి అడిగాడు, కాదంటే బాగుండదని వాళ్లూ ఒప్పుకున్నారు. అన్వేష్ తల్లిదండ్రుల ఫోన్లలో వేసి ఇచ్చాడు.

కొత్త యాప్ తెరిచినప్పుడు అదేదో అడిగితే జనార్ధన్ చదవకుండా సరే నొక్కాడు. సరే అంటే ఏమయిందో పది నిమిషాల్లో తెలిసింది. అతని నంబరు దాచుకున్నవాళ్లలో ఆ యాప్ ఎవరెవరి దగ్గర ఉందో వాళ్లందరి ఫోన్లూ టింగుమన్నాయి. జనార్ధన్ చేరాడని. ప్లాట్ల పనిలో సగం మంది అప్పటికే అందులో ఉన్నారు, అతనిలాగే గుట్టుకోసం చేరి. "ఏందన్నా, ఏదో పెద్దదే నడిపిస్తున్నవ్?" అని ఒకరి తర్వాత ఒకరు ఫోన్. అన్నింటికీ గిట్లనే అన్నాడు.

చివరి ఫోన్ కీసర నుంచి.

"ఏమే తమ్మీ, కొత్తదాంట్ల జేరినవంట? నా ఫోన్ల నీ పేరొచ్చింది" అంది యాదవ్వ. ఆమె మనవడు ఎప్పుడో ఆ యాప్ వేసి ఇచ్చాడు.

"గిట్లనే అక్కా."

"అశ్రితకు ఏమన్న సంబంధం వచ్చిందా?"

"ఏం లేదు."

యాదవ్వ "సరే తియ్" అని పెట్టేసింది.

మాట మాయమవుతుందన్న ధైర్యం జనార్ధన్‌ను పూర్తిగా మార్చేసింది. పుట్టి ఇన్నేళ్లలో మాట్లాడనంత ఆ వారంలో మాట్లాడాడు. గోత్రం, ముహూర్తం, వంటవాళ్లు, ఏ హాలు బాగుంటుంది, ఏ హాలు దగ్గర కారు పెట్టుకోవడానికి జాగా లేదు, అన్నీ రాశాడు. మొదటి రోజు ఉత్సాహంలో, "పూలు పండ్లు మా ఇంట్లనే. మీ దిక్కునుంచి ఎంతమందొచ్చినా మంచిదే" అని రాశాడు. నాలుగు రోజుల తర్వాత భయం మళ్లీ పట్టుకుని, "ఐదుగురు వస్తే చాలు, ఎక్కువ మందైతే నలుగురికీ తెలుస్తది" అని రాశాడు. మొదట ఏం రాశాడో అతనికి గుర్తు లేదు. చూసుకుందామంటే ఫోన్లోనూ లేదు.

అంజయ్యకు మాత్రం గుర్తుంది. ఆ మాట పట్టుకుని అతను తమ్ముళ్లకూ బావమరుదులకూ తయారుగా ఉండమని చెప్పుకున్నాడు, ఊరు మాత్రం చెప్పలేదు. ఆదివారం పొద్దున ఫోన్ చేశాడు. జనార్ధన్ ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని ఎత్తాడు.

"అన్నా, ఎంతమందన్న రమ్మన్నది మీరే గదా?"

"నేనట్ల అననే లేదు."

"అన్నరు. మా ఆమె గూడ చదివింది."

"అన్లే అంజన్నా. నేను గట్ల అనే మనిషినే కాదు."

అవతల నుంచి అంజయ్య భార్య యమున గొంతు వినిపించింది. "సూపిద్దమంటే ఏమున్నదని? ఇయ్యాల చెప్పింది రేపుండదు. ఉట్టి తెల్లగున్నది."

అంజయ్య మెల్లగా, గౌరవంగానే మాట్లాడాడు. అందుకే ఆ మాటలు ఎక్కువ గుచ్చుకున్నాయి. "అన్నా, మాది పది మంది ముంగట మాట్లాడుకునే ఇల్లు. మీ మాట పొద్దటికల్లా మాయమైతాంది. మా ఒక్కరితోనే మాట్లాడుతున్నరో, ఇంకెవలితోనన్న గూడ గిట్లనే గుట్టుగ మాట్లాడుతున్నరో మాకేమెరుక? ఇప్పుడే గిట్లుంటే రేపు పిల్లలకు ఏమన్న అయితే ఎవల్ని పట్టుకొని అడగాలె? కోపానికి రాకుండ్రి. ఇగ ఆపేద్దం."

ఫోన్ పెట్టేశాడు. జనార్ధన్ తిరిగి చేస్తే ఎత్తలేదు.

అతని వెనకే, తలుపు దగ్గర అశ్రిత నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు.

"ఏమన్నరు బాపూ?"

"ఏం లేదు బిడ్డా."

"నాతోని గూడనా?" అంది.

అతను చెప్పాడు. అశ్రిత విని మెట్ల మీద తండ్రి పక్కన కూర్చుంది. ఏడవలేదు, అరవలేదు. ల్యాబులో ఫలితం చదివి చెప్పినట్టు చెప్పింది. "నాకు అన్వేష్ నచ్చిండు. ఇది పోతే నేను ఇంకొకళ్ల ముంగట చీర కట్టుకొని కూసోను. నీ మీద కోపంతోని అంటున్న అనుకోకు. అలిసి ఆగమైపోయిన, అంతే."

"మల్ల ఏం జెయ్యమంటవ్?"

"వాళ్లకు సాక్ష్యం గావాలె. మనోళ్లందరికీ చెప్పు. అప్పుడు నువ్వు మాట మారుస్తవని ఎవలనుకుంటరు?"

"అందరికా?"

"అందరికే."

రాధమ్మ లోపలి నుంచి ఫోన్ తెచ్చి, "మా ఇంటోళ్లు" తెరిచి అతని చేతిలో పెట్టింది. మైకు బొమ్మ మీద వేలు ఎట్లా ఒత్తి పట్టుకోవాలో చూపించింది. జనార్ధన్ ఒత్తాడు, దగ్గాడు, వదిలేశాడు. ఆ దగ్గు గ్రూపులోకి పోయింది. "జనార్ధన్‌కు పాణం మంచిగ లేదా?" అని ఎవరో అప్పుడే అడిగారు కూడా.

"ఇగ ఎట్లనో మొదలువెట్టినవ్, కానియ్యి" అంది రాధమ్మ.

మళ్లీ ఒత్తాడు. "అందరికి నమస్కారం. నేను జనార్ధన్. మా అశ్రితకు మేడ్చల్ అంజయ్య గారి కొడుకు అన్వేష్‌తోని సంబంధం అనుకున్నం. పూలు పండ్లు మా ఇంట్ల. వాళ్ల దిక్కునుంచి ఎంతమందొస్తే అంతమంది. గట్ల నేనే అన్న. అని మరిచిపోయిన. మీరందరు గూడ రావాలె." వేలు తీసేసి, కొండ దిగినవాడిలా ఊపిరి వదిలాడు.

 ముందు ఎవరి తరఫువాడో తెలియని పెద్దాయన దండం బొమ్మ పెట్టాడు. ఆ వెనకే జవాబులు ఇక ఆగలేదు.

యాదవ్వ గ్రూపులో ఏమీ అనలేదు. నేరుగా ఫోన్ చేసింది.

"మొన్న అడిగితే ఏం లేదంటివి, నేను చెడగొడుతున్ననని అనుకున్నవా?"

జనార్ధన్ అబద్ధమాడదామనుకున్నాడు. నోరు రాలేదు. "పిల్లగాని ఎత్తు అడుగుతివి గదనే అక్కా, రెండుసార్లు."

"అరె పిచ్చోడా! మన పిల్ల తాడిచెట్టు లెక్క ఉంటది. పక్కన నిలవడితే పిల్లగాడు ఆనుతడో లేదో అని అడిగిన. మేనత్తను, నాకుండదా పరేషాన్?" ఆ వెంటనే, "గీ అన్వేష్ ఎంతుంటడు?" అంది.

"అశ్రిత కన్న జర ఎక్కువే."

"ఇగ మంచిగయింది. రేపు పొద్దుగాల వస్త. ఇద్దరం మేడ్చల్ పోదం. నువ్వొక్కనివి పోతే మల్ల మూగనోము పడుతవ్."

మర్నాడు అంజయ్య ఇంటి ముందు గదిలో యాదవ్వ నడి కుర్చీలో కూర్చుంది. అడగకముందే మొదలుపెట్టింది. "మావోడు ప్లాట్ల పనిల దిగినసంది గింతే అన్నా. ఏం తప్పు చెయ్యకున్నా దొంగ లెక్క నిలవడతడు. వాడు ఏమంటడో వాని నోటితోనే ఇనుండ్రి. నేనున్న సాక్ష్యం." తమ్ముడి వైపు తిరిగింది. "చెప్పురా."

అంజయ్య, యమున, గుమ్మం దగ్గర అన్వేష్, అందరూ అతన్నే చూస్తున్నారు. జనార్ధన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నేను అన్న" అన్నాడు. "మల్ల లేదన్న. రెండోది తప్పు. ఎంతమందైనా రాండ్రి. మావోళ్లకు అందరికీ చెప్పిన." రాధమ్మ ఫోన్ అడిగి తెచ్చుకున్నాడు కాబట్టి తీసి, తన గొంతు వినిపించాడు. దగ్గుతో సహా.

అంజయ్య మొత్తం విన్నాడు. ఫోన్ తిరిగి ఇచ్చాడు. కింద వరసగా వచ్చిన జవాబులు చూసి, "గింతమందొస్తరా మీ దిక్కు?" అన్నాడు.

"పిలిస్తే వస్తరు" అన్నాడు జనార్ధన్. ఆ సంగతి అతనికీ కొత్తగానే తోచింది.

"మేం ఇంకా ఎవలకు చెప్పలే బావా, మీరొద్దన్నరని. పెద్దోళ్లకు తయారుగుండుమన్న గంతే, ఎవల పిల్లనో గూడ చెప్పలే. చెప్పుకోలేక మా ఆమెకైతే వారం సంది అన్నం సయిస్తలేదు."

అంజయ్య నోట అన్నా పోయి బావా అన్న మాట రాగానే యాదవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. యమున చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. చాయ్ కప్పులు ముందు గదిలోకి వచ్చాయి, ఆమె రాలేదు. వంటింట్లో నుంచి గొంతు వచ్చింది. చెల్లెలికి ఫోన్ చేసింది.

"అవునే, ఒప్పుకున్నం. పిల్ల బంగారం. మందుల కంపెనీల పని. మన అన్వేష్ అంత పొడుగు. తల్లి మస్తు కలుపుగోలు మనిషి. మేనత్త వచ్చింది, ఆమె ఇంకా జబర్దస్తు. తండ్రా? ఏం చెప్పాలెనే, జర అదో రకం. గని మాట మీదికొచ్చిండు తియ్."

ముందు గదిలో కప్పులు గాలిలోనే ఆగాయి. అన్వేష్ గోడకేసి తిరిగాడు. యాదవ్వ భుజాలు కదులుతున్నాయి.

జనార్ధన్ గుక్క మింగి, "మా యమున చెల్లె ఎప్పుడు గింత గట్టిగనే మాట్లాడుతదా?" అని అడిగాడు.

"ఇది మెల్లగ, బావా" అన్నాడు అంజయ్య.