హోదా ఎక్కిన పడవ

1944లో, వానలు ముగిసే రోజుల్లో, నన్ను చిత్తూరు నుంచి పలమనేరు సెక్షనుకు ఓవర్సీరుగా వేశారు. ఓవర్సీరంటే ఇంజనీరు శాఖలో సూపర్‌వైజరుకు కింద, మేస్త్రీకి పైన. చెరువు కట్ట, తూము, మిగులు నీరు పొర్లిపోయే మరవ నా బాధ్యత. నా సెక్షనులోని ఒక పెద్ద చెరువుకు శాఖవారి పడవ ఒకటి ఉండేది. తూము తలుపు ఇరుక్కుంటే నీళ్లలోకి వెళ్లి సరిచేయడానికి చేయించిన సన్నని పడవ అది. విహారానికి కాదు.

ఆ ఏడు చెరువు నిండింది. డిప్యూటీ కలెక్టరు క్యాంపుకు వచ్చి, నిండు నీళ్లు చూసి ముచ్చటపడి, ఆదివారం జలవిహారం అన్నారు. మా పైవాళ్లు తలలూపి, భద్రతకు తగిన ఏర్పాట్లు చేయమని నాకు ఉత్తరువు పంపారు. వారి దృష్టిలో ఏర్పాట్లంటే పడవకు రంగు వేయించడం, కూర్చునే పలకల మీద తివాచీ పరిపించడం, రేవులో మామిడి తోరణం కట్టించడం. తోరణం కడితే మనిషి ఎలా మునగకుండా ఉంటాడో నాకు ఇప్పటికీ తెలియదు.

నా పద్ధతిలో నేనూ కొంత చేశాను. పడవలో ఇటుకలు పేర్చి, ఎంత బరువుకు అంచు నీటికి దగ్గరవుతుందో చూశాను. పడవ నడిపే మునెప్పతో కలిపి ఆరుగురికి మించరాదని తేలింది. బరువు కింద ఉన్నంతసేపే పడవకు నిలకడ. మనిషి లేచి నిలబడ్డాడంటే బరువు పైకి పోతుంది, చిన్న ఊపుకే ఒరుగుతుంది. అందుకని నడుస్తున్న పడవలో ఎవరూ లేవరాదని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించి రేవులో పాతించాను. యుద్ధకాలం కావడంతో నీళ్లలో తేల్చే పట్టీలు దొరకలేదు. ఊళ్లో ఈత నేర్చుకునేవాళ్లు నడుముకు కట్టుకునే ఎండు సొరబుర్రలనే జతలు జతలుగా తాళ్లు కట్టి సిద్ధం చేశాను.

ఆదివారం డిప్యూటీ కలెక్టరు దొర వచ్చి బోర్డు చదివి భేష్ అన్నారు. బుర్రలు చూసి మాత్రం మొహం చిట్లించి, తానేమైనా ఈత నేర్చుకునే పిల్లవాడినా అని అడిగారు. అంతే, దొర కట్టుకోనిది తామెలా కట్టుకుంటామని తాసిల్దారు, ఆయన వెనకే రెవిన్యూ ఇన్‌స్పెక్టరు వాటిని పక్కకు తోసేశారు. ఐరాల నుంచి వచ్చిన హెడ్ గుమాస్తా నారాయణప్ప నన్ను చాటుకు పిలిచాడు.

"నాకు ఈత రాదప్పా. బుర్ర కట్టుకుంటే దొర నవ్వుతాడు, ఎక్కకుంటే కోప్పడతాడు. ఏం సేసేది సెప్పు?"

కట్టుకోమన్నాను, నవ్వితే నవ్వనీమన్నాను. ఆయన బుర్రల వైపు ఆశగా చూసి, వాటిని గట్టు మీదే వదిలేసి ఎక్కాడు. ప్రాణం కంటే దొర నవ్వు బరువైపోయింది. నాకు ఒళ్లు మండింది. ఒక జత నా నడుముకు కట్టుకుని నేనూ ఎక్కాను. దొర నవ్వారు. ఆయన నవ్వారు గనక తక్కినవారూ నవ్వారు.

నడిచెరువులో కొంగల గుంపొకటి లేచింది. చూడడానికి దొర తటాలున లేచి నిలబడ్డారు. దొర నిలబడ్డాక కూర్చుని ఉండడం మన కచేరీలలో తల నెరిసినవాళ్ల వల్ల అయ్యే పనేనా? తాసిల్దారు లేచారు. ఇన్‌స్పెక్టరు లేచాడు. నారాయణప్ప భయంతో వణుకుతూనే లేచి, మర్యాదగా చేతులు కట్టుకున్నాడు.

"కూసోండి సామీ, కూసోండి!" అని మునెప్ప అరిచాడు. నేనూ అరిచాను. దొర ఇంకా కూర్చోలేదు గనక ఎవరూ కూర్చోలేదు. పడవ బోల్తా పడింది.

మిగతావాళ్లు పడవ అంచు పట్టుకున్నారు. చేతులు కట్టుకున్నవాడికి పట్టుకునే వ్యవధి ఎక్కడిది? నారాయణప్ప మునిగిపోయాడు. బుర్రల దన్నుతో వెళ్లి జుట్టు పట్టి పైకి లాగాను. మునెప్పా నేనూ గట్టుకు చేర్చి, బోర్లా పడుకోబెట్టి నీళ్లు కక్కించాం. చాలాసేపు ఊపిరి అందలేదు. పోయాడనే అనుకున్నాను. చివరికి దగ్గి, కళ్లు తెరిచాడు. ఎదురుగా, పడవ పట్టుకునే ఒడ్డు చేరి నీళ్లోడుతున్న దొర కనపడగానే, అరచేతులు నేలకు ఆనించి లేవబోయాడు. భుజం పట్టి అదిమి పడుకోబెట్టాను.

తరువాత విచారణ జరిగింది. పడవకు నిలకడ లేదని తేల్చారు. ముందు ఎవరు లేచారన్న ప్రశ్న విచారణాధికారికి తట్టలేదు. ఆయన డిప్యూటీ కలెక్టరుకు కింది ఉద్యోగి. పడవను పగలగొట్టించి వంటకట్టెలకు ఇచ్చేశారు.

ఆ తర్వాత మరికొన్ని చెరువుల్లో విహారపు పడవల బాధ్యత నా మీద పడింది. బోర్డులు రాయించడం మానేశాను. ఎక్కేవారిలో అందరికన్నా పెద్ద ఉద్యోగి ఎవరో కనుక్కుని, మీరు లేవకండి అని ఆయన ఒక్కరికే మొహం మీద చెప్పేవాణ్ణి. కొందరికి కోపం వచ్చింది. కోపంగానే కూర్చున్నారు. మిగతావాళ్లకు చెప్పవలసిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.