ప్రభుదాస్ అంకుల్ మడత స్టూలు

నిన్న పొద్దున పదింటికి ప్రభుదాస్ అంకుల్ యాప్రాల్‌లోని మా కుట్టు యూనిట్‌కు రావాలి.

పదిన్నరకు ఆయన నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. దారి తప్పారేమో అనుకుని, ఎత్తీ ఎత్తగానే "అంకుల్, నీలం గేటు, పక్కనే వాటర్ ప్లాంట్..." అని మొదలుపెట్టాను.

అటువైపు ఆంటీ.

"సుజాతా, అంకుల్ ఇగ లేడమ్మా. పొద్దున లేపితే లేవలే."

నేను ఇంకో మాట కూడా గేటు గురించే అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

ఈ పోస్ట్ చదివే మీలో సగం మందికి అంకుల్ తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఒక గవర్నమెంట్ ఆఫీసులో స్టోర్స్ క్లర్క్‌గా రిటైరయ్యారు. సర్వీసంతా టెండర్ కాగితాలు చూసిన మనిషి. చిన్న యూనిట్లవాళ్లకు టెండర్లు పోయేది పనితనం లేక కాదు, ఫారంలో తప్పుల వల్లేనని ఆయన బాధ. అందుకే రిటైరయ్యాక చిలకలగూడలో ఇంటి ముందు గదిలో కూర్చుని, మాలాంటి వాళ్లకు రిజిస్ట్రేషన్లు, టెండర్లు చూసిపెట్టేవారు.

ఆయనకొక పద్ధతి ఉండేది.

మనం చేసే పని కళ్లారా చూడకుండా ఫారంలో ఒక్క అంకె వేసేవారు కాదు. స్కూటర్ వెనకాల మడత స్టూలు కట్టుకుని వచ్చేవారు. చిన్న యూనిట్లలో కుర్చీ అడిగితే ఎవరో ఒకరు మిషన్ దగ్గర నుంచి లేవాల్సి వస్తుందని. మూలన ఆ స్టూలు వేసుకుని, మాట్లాడకుండా, పూటంతా అందరి చేతులూ చూసేవారు.

మొదటిసారి మా దగ్గర అలా కూర్చుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వే పరిస్థితి కాదు నిజానికి. హాస్టళ్లకు దుప్పట్లు, దిండు గలీబులు కుట్టిచ్చే టెండర్ రెండుసార్లు వేశాను. రెండుసార్లూ పక్కన పడేశారు. ఏడుపొక్కటే తక్కువ నాకు.

మధ్యాహ్నం దాకా చూసి, నా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తెరిచారు.

"సుజాతమ్మా, నువ్వు కుడ్తున్నవా, అమ్ముతున్నవా?"

"కుడ్తున్న అంకుల్."

"మరి సర్కారుకు అమ్మేదాన్నని ఎందుకు చెప్పినవ్?"

అప్పుడు గుర్తొచ్చింది. ఇంటర్నెట్ సెంటర్‌లో రిజిస్ట్రేషన్ చేయించిన రోజు, అక్కడాయన "బట్టల షాపా మేడం?" అని అడిగితే తల ఊపాను.

ఆ ఒక్క తల ఊపుతో, సర్టిఫికెట్‌లో మనం చేసే పనేమిటో చెప్పే చోట 47తో మొదలయ్యే కోడ్ పడిపోయింది. అంటే చిల్లర వ్యాపారం. బట్టతో వస్తువులు తయారుచేసే మాది 13తో మొదలవ్వాలి. చిన్న తయారీదారులకు టెండర్లలో ఇచ్చే వెసులుబాట్లు అమ్మేవాళ్లకు ఉండవు. ఆరుగురు ఆడవాళ్లం రోజంతా మిషన్లు తొక్కుతుంటే, కాగితం మీద మాత్రం కొట్టు పెట్టుకుని కూర్చున్నామన్నమాట.

అంకుల్ కోడ్ మార్పించారు. మూడో టెండర్ మాకొచ్చింది.

ఆర్డర్ లెటర్ పట్టుకుని చిలకలగూడ పరిగెత్తాను. చదివి, "ఇగ పోయి కుట్టుకోరాదు, ఈడేం పని?" అన్నారు. కళ్లద్దాలు మాత్రం రెండుసార్లు తుడుచుకున్నారు.

కోపం కూడా అలాగే ఉండేది. ఒకసారి "ఇంకో పది కోడ్‌లు కలిపేద్దాం అంకుల్, ఉంటే పోయేదేముంది" అన్నాను.

పెన్ను మూసేశారు.

"చెయ్యని పనికి పేరు పెట్టుకుంటవా? రేపొద్దున ఆఫీసర్లొచ్చి మిషన్ చూపియ్ అంటే ఏం చూపిస్తవ్, నీ ముఖమా?"

వారం రోజులు నా ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదో రోజు ఆయనే చేసి "తిన్నవా?" అని అడిగారు.

ఈ మధ్యే యాప్రాల్‌లో పెద్ద షెడ్‌కు మారాం. ఆసుపత్రి పరుపుల పని మొదలుపెట్టాం. పరుపులకు ఒక పెద్ద టెండర్ పడుతుందని తెలిసింది. దానికి వెళ్లాలంటే పరుపుల తయారీ కోడ్ కలపాలి. అంకుల్‌ది ఎప్పటి మాటే, చూసినంకనే అన్నారు.

నేనే వాయిదా వేస్తూ వచ్చాను. షెడ్ సర్దలేదు, ఫ్యాన్లు బిగించలేదు, ఆయన వచ్చేసరికి బాగా కనిపించాలి కదా అని.

"సర్దినంక నాకేం కనబడ్తదమ్మా? పని నడుస్తుంటె చూడాలె. జెర జల్దీ పిలువు."

మూడు నెలలు పిలవలేదు. చివరికి నిన్నటికి పిలిచాను.

ఈ రోజు పొద్దున సమాధుల తోటకు బయల్దేరే ముందు, వాళ్లింటి గేటు దగ్గర స్కూటర్ కనిపించింది. వెనకాల స్టూలు కట్టే ఉంది.

ఆంటీ నా పక్కన నిలబడ్డారు. "మొన్న సాయంత్రమే కట్టుకున్నడు. ఇన్నాళ్లకు పిల్చింది, లేటయితే మల్ల మనసు మార్చుకుంటదన్నడు."

అక్కడే గేటు పట్టుకుని ఏడ్చాను.

తిరిగొచ్చాక ఆంటీయే తాడు విప్పి స్టూలు నా చేతిలో పెట్టారు. "తీస్కపో. నీ కాడికే కదా రావాల్సింది."

మధ్యాహ్నం దాన్ని మా షెడ్‌లో మూలన వేసుకుని కూర్చున్నాను. నోరు మూసుకుని అందరి చేతులూ చూశాను. ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

ఫోమ్ బయటి నుంచి, సైజుకు కోసే వస్తోంది. మేం కవర్ కుట్టి, జిప్ వేసి, తొడుగుతున్నాం. అంతే. మేం పరుపులు తయారుచేయడం లేదు, కవర్లు కుడుతున్నాం. మూడు నెలలుగా కనిపించిన ప్రతివాళ్లకూ పరుపుల యూనిట్ అని చెప్పుకుంటున్నాను.

అంకుల్ నిన్న వచ్చి ఉంటే పది నిమిషాల్లో పట్టేసేవారు. అందరి ముందూ తిట్టేవారు కూడా. ఆ తిట్టు కోసం ప్రాణం కొట్టుకుపోతోంది.

అంకుల్, ఆ టెండర్ వేయడం లేదు. కొత్త కోడ్ ఏదీ కలపడం లేదు. మీరు ఆ రోజు పెట్టిన కోడే ఇప్పటికీ సరిపోతుంది.

స్టూలు నా దగ్గర ఉండిపోయింది. మీరు వెళ్లిన చోట మీకోసం మంచి కుర్చీ వేసి ఉంటారు.

ఇక ఎవరి పనీ చూడనక్కర్లేదు. ప్రశాంతంగా కూర్చోండి అంకుల్.