గోళీలు నిండుకున్నయ్ అన్న

నెల సామాన్లు, మందులు ఒక్కసారే తెస్తే ధర తగ్గుతదని మా కోడలు ఇంట్ల ఏవి లేవో అడిగి అవే తెస్తది. ఉన్నదాన్నే మళ్లీ కొని పైసలు పాడు చెయ్యదు.

మొన్న ఆదివారం అడిగితే, "మామ బీపీ గోళీలు నిండుకున్నయ్ బిడ్డా" అన్న. లేవంటే అశుభమని, బియ్యం లేకున్నా, నూనె లేకున్నా మేం అట్లనే అంటం. పెనిమిటి మందులను 'అయిపోయినయ్' అనెటందుకు నాకు నోరు రాలే.

ఇయ్యాల పొద్దున ఆయన కండ్లు తిరిగి గోడ పట్టుకొని కూలబడ్డడు. "గోళీ ఏసుకున్నరా?" అని అడిగితే, "డబ్బాల లేవు. కోడలు తెస్తదని చూస్తున్న" అన్నడు.

కోడలు ఉరికొచ్చింది. "నిండుగ ఉన్నయన్నరు కద అత్తమ్మా!"

"నిండుకున్నయ్ అంటే లేవని బిడ్డా!"

"అయితే లేవు అనొచ్చు కద!" అని ఏడుపు గొంతుతోని చిలకలగూడ మందుల దుకాణం దాకా పోయి గోళీలు తెచ్చింది.

డాక్టర్‌కు చూపిస్తే పరవాలేదన్నడు. ఆయన పండుకున్నడు. నేనే మాటిమాటికి పోయి ఊపిరి చూసొస్తున్న. ఇగ మందులు లేకుంటే లేవనే చెప్త. పెద్దోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి, ఆ మాట అంటే ఏం కాదు కదా?