పొలిమేర దాటిన నౌక, బావగారి పుస్తకం

ఎప్పుడో నా చిన్నప్పుడు పైకి పంపిన అంతరిక్ష నౌక ఇంకా నడుస్తోందట. కరెంటు చాలక అందులోని యంత్రాలను ఒక్కొక్కటే ఆపేస్తున్నారని ఈ ఉదయం పేపర్లో చదివాను. తాగుతున్న టీ చేదెక్కింది. మా బావగారు గుర్తొచ్చారు.

మా అక్క భర్త ఆయన. శ్రీకాకుళం నుంచి రాయపూర్ వచ్చి, సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో కొలిమి నడిపే కంట్రోలు రూములో కుదురుకున్నారు. తర్వాత నన్నూ అక్కడే చేర్పించారు. పాత పానెల్లో ఏ తీగ ఎక్కడికి పోతుందో ఆయనొక్కరికే తెలుసు. ఆ గుట్టంతా నల్ల అట్ట పుస్తకంలో తెలుగులో రాసిపెట్టుకున్నారు. చుట్టూ హిందీవాళ్లే కనుక దానికి తాళం వేసినట్టేనని ఆయన ధీమా. "నన్ను తీసేత్తే ఈళ్లకి దిక్కు నేదురా" అంటూ మీసం దువ్వేవారు. ఉన్నది నాలుగు వెంట్రుకలే అనుకోండి.

కంప్యూటర్లు పెట్టాక, రిటైర్మెంటుకు ఆరేళ్లుండగానే ఆయన్ని ఇంటికి పంపేశారు. పుస్తకం ఫ్యాక్టరీ సామానంటూ గేటు దగ్గర ఉంచేసుకున్నారు. ఆయన దిగులుపడలేదు, కంప్యూటర్ల వెనక పాత పానెల్ అలాగే ఉంది కదా. ఆ రోజుల్లోనే ఈ నౌక సూర్యుడి పొలిమేర దాటిందనీ, దాని సంగతి తెలిసిన రిటైరైన ముసలివాళ్లను మళ్లీ పిలుస్తున్నారనీ వార్త వచ్చింది. ఆ ముక్క కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే టాటీబంధ్‌లో మా ఫ్యాక్టరీ బస్సు ఆగేచోటికి వచ్చి నన్నడిగేవారు.

"పానెలేటన్నా మొరాయించిందేట్రా? ఆళ్లని పిలిసినట్టే నన్నూ పిలుత్తారు, సూడు."

ఒకరోజు అది మొరాయించింది. కొలిమి ఆగిపోయింది. మేనేజరు ఆ నల్ల పుస్తకం తెచ్చి నా ముందు పడేశాడు. "యే తుమ్హారీ భాషా హై నా? పఢో." నీ భాషే కదా, చదవమన్నాడు. బావగారినే పిలిపించండి సాబ్ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. సాయంత్రంలోగా పేజీ పేజీ చదివి, తెగిన తీగ పట్టుకుని కొలిమి నడిపించాను. నెల తిరక్కుండా షిఫ్ట్ ఇన్‌చార్జినయ్యాను.

మర్నాడు బస్సు దగ్గర ఆయన మామూలుగానే అడిగారు. "ఏం లేదు బావగారూ, బాగానే నడుస్తోంది" అన్నాను. మూడేళ్లు, ఆయన పోయేదాకా, అదే మాట అన్నాను. పదకొండో రోజున మా అక్క మడతల దగ్గర చిరిగిన ఆ పేపరు ముక్క నా చేతిలో పెట్టింది. "మీ కంపెనీ పిలుత్తాదని దాసుకున్నార్రా. నువ్వే ఉంచు."

ఇప్పుడు నేనూ రిటైరయ్యాను, నన్నూ ఎవరూ పిలవలేదు. అంత దూరం పోయిన నౌక మాట కోసం కింద ఇంకా ఎవరో చెవి ఒగ్గి కూర్చున్నారు. ఎదురుగా నిలబడి అడిగిన మనిషికి నేను నిజం చెప్పలేదు. ఇన్నేళ్లు ఇట్టే గడిచిపోయాయి కానీ, టాటీబంధ్‌లో ఆ పొద్దులు మాత్రం నాకింకా గడవలేదు.