బాపు నోట్ల ఆల్రెడీ

మా సిరిసిల్లల మరమగ్గాలను సాంచెలంటం. అవి నడుస్తుంటె పక్కన పిడుగు వడ్డా ఇనవడది. అందుకే కార్ఖానల ఎవ్వలూ గొంతు చించుకోరు. పెదవులు కదిలిస్తరు, ఎదుటోళ్లు చూసి సమజ్ చేసుకుంటరు. బడికి పోకముందే నేను గా పెదవులు చదువుడు నేర్సిన.

మా బాపు సాంచెలు నడిపేటోడు. ఇంగ్లీషుల ఆయనకు ఒక్క ముక్కనే వచ్చు, ఆల్రెడీ. ఏ షావుకారి నోట్లకెల్లి పట్టుకచ్చిండో గని, ఇగ ఇడిచిపెట్టలే. నేను సద్ది పట్టుకపోయి "తిన్నవా బాపూ?" అంటె "ఆల్రెడీ" అనుకుంటనే ఆకలితోని గిన్నె గుంజుకునేటోడు! "గా మాటకు అర్థమేందయ్యా?" అని అమ్మ కస్సుమంటె, "పరేషాన్ గాకు అన్నట్టు" అనేటోడు. డిక్షనరీల గా అర్థం లేదు. నన్నడిగితె ఉండాలె.

ఇంటర్ అయినంక జగిత్యాల హాస్టల్ల ఉండి డిగ్రీ చదువాలని నాకు మస్తు ఆశ. అమ్మ పంపనంటది, బాపును అడుగుదామంటె భయం. ఒకనాడు సద్ది ఇచ్చి, సాంచెల మోతల పెదవులతోనే అడిగిన. బాపు తెగిన పోగు ముడేసుకుంటనే పెదవులు కదిలిచ్చిండు.

"ఆల్రెడీ."

పొద్దుగాల్నే అమ్మను ఒప్పిచ్చిండట! గా సంబురం ఇప్పటికీ యాదికస్తె కండ్లల్ల నీళ్లు తిరుగుతయి.

ఇప్పుడు నేను కోరుట్లల ఉంటున్న. పోయినేడు బాపు గొంతుల గడ్డ లేసింది. ఆపరేషన్ చేస్తె పానం దక్కుతది గని ఇగ మాట రాదన్నరు డాక్టర్లు. ఆఖరుసారి ఆయన గొంతుతోని "బిడ్డా" అంటె ఇనాలె, నా మనసుల మాట చెప్పాలె అనుకుంట బస్సెక్కిన. పాడు బస్సు లేటైంది! నేను దవాఖానకు ఉరికేసరికే బాపును ఆపరేషన్‌కు లోపలికి తీస్కపోయిండ్రు.

తెల్లారి చూడనిచ్చిండ్రు. బాపు గొంతుకు పట్టీ. ఏం కావాల్నో రాయమని నర్సమ్మ పలక చేతుల పెట్టింది. బాపు దాన్ని పక్కకు నూకి, నన్ను జూసి పెదవులు కదిలిచ్చిండు.

"తిన్నవా బిడ్డా?"

నర్సమ్మకు సమజ్ కాలే. నాకైంది.

"బాపూ, నువ్వంటె నాకు పానం. ఎన్నడూ చెప్పలే" అందామని నోరు తెరిచిన. ఏడుపుకు నా గొంతు గూడ రాలే. పెదవులే కదిలినయి.

బాపు నా చెయ్యి పట్టుకున్నడు.

"ఆల్రెడీ ఎర్కే" అన్నడు.