పట్టీకి ఇస్త్రీ

లాండ్రీలో ఆమెను అందరూ మడతక్క అంటారు. ఎంత మొండి మడతనైనా ఇస్త్రీపెట్టెతో లొంగదీస్తుందని ఆ పేరు. మడతపేచీలు పెట్టడంలోనూ ఆమెకు ఆమే సాటి అని తోటి ఆడవాళ్లు నవ్వుతారు. ఏళ్ల తరబడి కిటికీ పక్క బల్ల ఆమెదే, తెల్లబట్టలూ ఆమెవే. ఆ పనిలో తెల్లబట్ట అంటే ఆషామాషీ కాదు. రెప్పపాటు ఏమరితే పచ్చటి మచ్చ పడుతుంది, ఇక ఏ సబ్బుకూ వదలదు.

ఆ రెప్పపాటే ఆమె కొంప ముంచింది. నెలసరి ఆగిపోయాక ఒంట్లోంచి వేడి ఆవిర్లు తన్నుకొచ్చేవి. ఒకరోజు అలాగే ముఖమంతా చెమటలు పోసి, హోటల్ వంటమాస్టరు తెల్లకోటు మీద పెట్టె ఉందన్న సంగతే మరిచిపోయింది. యజమాని తిట్టలేదు. తెల్లబట్టలన్నీ పక్క బల్లకు మార్పించి, ఆమెకు దుప్పట్లూ కర్టెన్లూ అప్పగించాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది. ఆమె ఇంటికెళ్లి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

డాక్టరమ్మ హార్మోన్ పట్టీలు రాసిచ్చింది. పొత్తికడుపు మీద అతికించుకోవాలి, వారానికి రెండుసార్లు మార్చాలి. రాత్రి మింగడానికి ఒక మాత్ర కూడా ఇచ్చింది. ఆవిర్లు తగ్గాయి గానీ తలనొప్పి, వికారం, రొమ్ముల్లో సలుపు పట్టుకున్నాయి. డాక్టరమ్మ మోతాదు తగ్గించి చిన్న పట్టీ రాసింది. అయినా తల పగిలిపోతూనే ఉంది.

“కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. మానెయ్, పీడా పోతుంది,” అన్నాడు మొగుడు.

“మానేస్తే మళ్లీ ఆవిర్లొస్తాయి. బతికినన్నాళ్లూ దుప్పట్లు రుద్దుకోమంటావా?”

ఆమె మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే వెళ్లింది.

“ఇంకా తగ్గించే ముందు ఒకటి చూడాలమ్మా. పట్టీ ఎలా అతికించుకుంటున్నారో చేసి చూపించండి,” అంది డాక్టరమ్మ.

“ఇస్త్రీపెట్టె లేకుండా ఎలా చూపించనండీ?”

డాక్టరమ్మ కళ్లజోడు తీసేసింది.

సంగతేమిటంటే, రోజంతా బల్లకు ఆనుకుని నిలబడేసరికి పట్టీ అంచులు లేచిపోయేవి. కాలరు లోపల వేసే గమ్ముగుడ్డ వేడి తగిలితేనే అతుక్కుంటుంది. మడతక్కకు తెలిసిన అతుకు అదొక్కటే. అందుకని పనిలోకి రాగానే ఒక గుడ్డను పెట్టెతో వెచ్చచేసి పట్టీ మీద అదిమేది. మధ్యాహ్నం మరోసారి.

“అది చొక్కా కాదమ్మా, చర్మం! వేడికి మందు ఎక్కువెక్కువ లోపలికి పోతుంది. నేను తగ్గిస్తుంటే మీరు పెంచుతున్నారు.”

“గట్టిగా అతికించమన్నారు కదండీ!”

“అన్నాను. అరచేత్తో అని చెప్పలేదు. ఆ తప్పు నాదే.”

ఇద్దరికీ నవ్వాగలేదు. చిన్న పట్టీనే ఉంచారు. చోటు మాత్రం బల్ల తగలకుండా తుంటి వెనక్కి మార్చారు. పొడి చర్మం మీద పెట్టి కాసేపు అరచేత్తో నొక్కితే చాలంది డాక్టరమ్మ. తరువాత చూసుకుని మోతాదు సంగతి తేలుద్దామంది.

నెల తిరిగేసరికి తలనొప్పి సర్దుకుంది. ఆవిర్లు ఎప్పుడైనా ఒకటి, అదీ చిన్నది. మడతక్క యజమాని ముందు నిలబడింది.

“తెల్లవి ఇటివ్వండి.”

“మళ్లీ కాలితే?”

“కాలదు. ఇక్కడే ఉండి చూడండి.”

అతను నిలబడ్డాడు. ఆమె పక్క బల్ల మీంచి ఒక తెల్లచొక్కా తీసి పరిచింది. ఏం ఖర్మో, కాలరు సగం కాగానే మెడ కింద నుంచి వేడి ఎగబాకింది. ఇదివరకైతే ఎవరూ చూడకూడదని పళ్లు బిగించి రుద్దుతూనే ఉండేది. ఇప్పుడు పెట్టెను నిలబెట్టి చేతులు కట్టుకుంది.

“ఏమైంది?” అన్నాడు యజమాని కంగారుగా.

“ఏం కాలేదు. నెలసరి ఆగిన ఆడదాన్ని, వేడెక్కాను. చల్లారాక చేస్తాను.”

గదిలో పెట్టెలన్నీ ఒక్క క్షణం ఆగాయి. యజమాని గొంతు సవరించుకుని, పక్క బల్ల మీది తెల్లబట్టల మూటను తానే మోసుకొచ్చి ఆమె ముందు పెట్టాడు. ముఖం తుడుచుకుని, మడతక్క మిగతా సగం కాలరు అందుకుంది.