పేస్టు ఆరకముందే లేపిన అద్దం

నా పేరు సాంబయ్య. మోత్కూరు అవతల మా పల్లె. ఏడో తరగతి దాక మా ఊరి బళ్లెనే చదివిన. నా అక్షరం గుండ్రంగ ఉంటదని మా సారు నా పలక లేపి అందరికి చూపించేటోడు. ఆ కుడిచేత్తోనే ఇది రాస్తున్న. ఎడమ చెయ్యి మోచేతి కాడ సక్కగ మడవదు. అదెందుకు మడవదో చెప్పాలంటే నా బతుకు కొంత చెప్పాలె.

కారు ముందటి అద్దం పగిలితే షాపుకు తోలుకపోయే పని లేకుండ, బండి ఉన్న కాడికే పోయి కొత్తది బిగించుడు ఉప్పల్, నాచారం దిక్కు మొదలుపెట్టింది నేనే. కాదన్నోడు ఎదురుంగ వచ్చి కాదనాలె. జవహర్‌నగర్ చెత్తగుట్ట మీద, నెత్తిమీద గద్దలు తిరుగుతుంటె లారీకి అద్దం వేసిన. ఘట్‌కేసర్ల పెండ్లికొడుకు కారుకు ఒక దిక్కు పూలు కడుతుంటెనే ఇంకో దిక్కు అద్దం వేసి మూర్తానికి పంపిన. సైనిక్‌పురిల ఒక రిటైర్డు కర్నల్ సాబ్, నేను వేసిన అద్దం చుట్టూ తిరిగి తిరిగి చూసి, వంక దొరకక చాయ్ తాపిండు.

అయితే అద్దం పనంటే దెబ్బల పని. కొత్త అద్దం కావాలంటే ముందు పాతది పగలాలె గద. రాళ్లు, రాడ్లు, క్రికెట్ బ్యాట్లు, ఒక్కోసారి మనిషి తలకాయ. అద్దానికి అంటిన ఎంటికలు, నెత్తురు తుడిచి పని మొదలుపెట్టిన రోజులు ఎన్నో.

నాకు పెండ్లి కూడ దెబ్బలతోనే అయింది. పడుసుతనంల నాచారంల ఒక అద్దాల ఫ్యాక్టరీల కొలిమి కాడ పని చేసేటోన్ని. ఒకసారి కాలుతున్న పలక నా మొఖం ముందే పేలి, ఎడమ చెవి తమ్మె ఊడిపోయింది. గుడ్డ కట్టుకొని ఆ షిఫ్టు పూర్తి చేసిన. కౌసల్యమ్మ అక్కడనే ప్యాకింగుల ఉండేది. సూపర్‌వైజర్ జనార్దనరావుకు ఆడోళ్ల నడుము మీద చెయ్యి వేసే అలవాటు. ఒకనాడు ఈమె నడుము మీద వేసిండు. ఈమె పెట్టె చెక్క తీసుకొని మూతి మీద కొట్టింది. ముందటి పండ్లు రాలినయ్. ఆయన ఈమె సిగ పట్టి గుంజితే, నేను పోయి ఆయనను ఎత్తి రేకుల గోడకు కొట్టిన. గోడ సొట్టపడ్డది. ఇద్దరిని ఒకే గేటు నుంచి బయటికి నూకిన్రు.

బయటికొచ్చినంక ఆమె అన్న మొదటి మాట, "నిన్నెవలు పిలిసిన్రు నడుమల? ఇంకో రెండు పండ్లు మిగిలిపాయె."

ఆమెనే చేసుకున్న. ట్రాలీ ఆటో కొనుక్కొని అద్దాల పని మొదలుపెట్టినం. ముందటి అద్దం ఒక్కరితోని లేవదు. రబ్బరు కప్పులుంటయ్, అద్దానికి అదిమితే జెలగ తీరు పట్టుకుంటయ్, వాటికి పిడి ఉంటది. కుడి దిక్కు నేను, ఎడమ దిక్కు ఆమె. నేను "ఎత్తు" అంటె ఇద్దరం ఒక్కపారే లేపాలె. గడియ తేడా వస్తె అద్దం మెలి తిరిగి చీలుతది. అన్నేండ్లల్ల మా చేతుల ఒక్కటి చీలలేదు.

నాకు రెండు కట్టుబాట్లున్నయ్. అద్దాన్ని బండికి పట్టి ఉంచేది నల్లటి పేస్టు. అది గట్టిపడేదాక బండి తాళంచెవి నా జేబుల ఉండాలె. బోడుప్పల్ కాడ ఒక పెద్దమనిషి వినకుండ తోలుకపోతే స్పీడ్ బ్రేకర్ మీద అద్దం ఊడి ఆయన ఒడిల పడ్డది. రెండోది, డోర్ల అద్దాలు రెండు వేళ్ల సందు దించి ఉంచాలె. అన్ని మూసి డోరు ధడేల్మని వేస్తె లోపటి గాలి పచ్చి పేస్టు మీది అద్దాన్ని బయటికి తోస్తది.

ఒక ఎండకాలం ఆదివారం పొద్దున ఒక పిలగాడు ఫోన్ చేసిండు. నాచారంల గోదాముల ఎనక, చివరికి గోడ అడ్డమొచ్చే సందు. ఎర్ర కారు. పిలగాని మొఖం నిండ గాజు గీతలు. పేరు నరేన్, తణుకు దిక్కోడు, పోచారంల సాఫ్ట్‌వేర్ నౌకరి.

"ఏమైంది తమ్మీ?" అన్న.

"టిప్పర్ మీంచి రాయి ఎగిరి పడిందండి."

కౌసల్యమ్మ అద్దం మీదికి వంగి చూసింది. "గా రాయికి పగ ఉన్నట్టుంది. ఆగి ఆగి మూడు జాగాల కొట్టింది."

పిలగాడు అక్కడనే కూలబడ్డడు. అప్పుడు చెప్పిండు. ఉప్పల్ మెయిన్ రోడ్డు మీద పెండ్లి ఊరేగింపు, బ్యాండు, డ్యాన్సులు. ఈయన తొందరల పక్క నుంచి దూర్చబోయిండు. టైరు ఒకని పాదం మీదికెల్లి పోయింది. వాడు పెండ్లిపిల్ల అన్న, తేజేష్ అని మాకు ఎనుక తెలిసింది. వెంట ఉన్నోళ్లు క్రికెట్ వికెట్లతోని అద్దం పగలగొట్టిన్రు. ఈయన బండి ఆపకుండ ఉరికొచ్చిండు.

"చంపేస్తామన్నారండి. బైకుల మీద వెతుకుతున్నారు. పగిలిన అద్దంతో రోడ్డెక్కితే వెంటనే కనిపెట్టేస్తారు. మీరు అద్దం వేస్తే ఔటర్ రింగ్ రోడ్డెక్కి మా ఊరెళ్లిపోతాను."

"స్టేషన్‌కు పోరాదు?"

"గుద్దేసి ఆగకుండా వచ్చాను కదండీ. నన్నే లోపలేస్తారు."

కౌసల్యమ్మ ఆయన మొఖం మీది గాజుముక్కలు కొంగుతోని దులిపింది. "కాలు తొక్కి ఉరికొచ్చినవ్, దెబ్బలు తినేటోనివే బిడ్డా. సచ్చేటోనివి మాత్రం గాదు," అన్నది.

ముందు సందు చివర గోదాము గోడ నీడల, గోడకు మూతి తగిలేటట్టు బండి పెట్టిపిచ్చిన. తీగతోని పాత పేస్టు కోసి, అంచు తుడిచి, కొత్త పేస్టు పోసినం. "ఎత్తు" అన్న. అద్దం లేచింది, కూసున్నది. పైనుంచి టేపులు వేసిన. పిలగాడు వెంటనే చెయ్యి చాపిండు.

"తాళం ఇవ్వండి అంకుల్."

"పేస్టు పట్టాలె."

"ఎంతసేపు?"

"గంట పైననే."

"ఈలోపు వాళ్లొచ్చి నన్ను చంపేస్తే?"

"పచ్చి అద్దంతోని ఔటర్ ఎక్కితే తొవ్వలనే పోతవ్. లోపట కూసో."

"ఇయ్యరాదయ్యా పిలగానికి," అన్నది కౌసల్యమ్మ.

"నా పని నాకు జెప్పకు."

"నీ పని గాదు. మన పని."

ఇయ్యలేదు. పిలగాడు బండిల కూసొని డోర్లకు లోపట్నుంచి లాకు వేసుకున్నడు. రెండు వేళ్ల సందు నుంచి మమ్ములనే చూస్తున్నడు. మేము టేపులు సరిచేస్తున్నం.

పేస్టు మీద ఇంకా పొర గూడ కట్టలేదు, సందు మొదట్ల మూడు బైకులు తిరిగినయ్. అందరికి ఒకే రంగు కుర్తాలు, పెండ్లికి కుట్టిచ్చినయ్. ఎంటికలల్ల ఇంకా గులాబి రేకులు ఉన్నయ్, చేతులల్ల వికెట్లు, ఒక బైకు గొలుసు. పాదానికి గుడ్డ చుట్టుకొని ఎనక సీటు మీది నుంచి దిగింది తేజేష్.

"తాతా, జరుగు," అన్నడు.

"పని అయ్యేదాక బండి నాది. అయినంక మాట్లాడుకుందురు."

ఒకని వికెట్ నా వీపున పడ్డది. నేను చేతిల ఉన్న పేస్టు పోసే గన్నుతోని వాని చెంప మీద ఇచ్చిన. ఇంకొకడు నా కడుపుల తన్నిండు. కౌసల్యమ్మ అద్దం తుడిచే నీళ్ల బకెటు ఎత్తి వాని నెత్తిమీద వేసింది. గొలుసు ఆమె భుజం మీద పడి రవిక చినిగింది, తోలు లేచింది. ఆమె ఆ గొలుసునే పట్టి గుంజితే వాడు మూతి మీద పడ్డడు.

ఇంతల ఇద్దరు నన్ను బానెట్‌కు అదిమి పట్టిన్రు. "తాళం ఇయ్యి," అన్నడు తేజేష్.

లోపటి నుంచి పిలగాడు గూడ, "అంకుల్, తాళం నాకివ్వండి, రివర్స్ చేసుకుని పోతాను," అని ఏడుస్తున్నడు.

వాళ్లకిస్తె డోరు తెరిచి పిలగాన్ని పచ్చడి చేస్తరు. పిలగానికిస్తె ఎనక నిలబడ్డోళ్ల మీదికి ఎక్కిస్తడు. పొద్దుగాల ఒక కాలు తొక్కిండు, ఈసారి తలకాయలు తొక్కుతడు. చెయ్యి గుంజుకొని జేబులది తీసి, తాళంచెవిని గోడ అవతలికి ఇసిరేసిన.

తేజేష్ తాళం పోయిన గోడ దిక్కు చూసిండు. తర్వాత వికెట్ లేపి నా ఎడమ మోచేతి మీద కొట్టిండు. ఎండు కట్టె విరిగిన సప్పుడు వచ్చింది. మోకాళ్ల మీద పడ్డ. వాడు బైకు పైపు పీకి సీసాల పెట్రోల్ పట్టిండు. కుంటుకుంట వచ్చి డ్రైవర్ దిక్కు డోరు అద్దం సందుల నుంచి లోపటికి పోసిండు. నేను దించిపిచ్చిన సందు అది. సగం పిలగాని ఒడిల పడ్డది, సగం అద్దం మీదికెల్లి కారి వాని సొంత కుర్తా చెయ్యి తడిపింది. పిలగాడు అటు డోరు తెరవబోతే అక్కడొకడు కాలు అడ్డం పెట్టి నిలబడ్డడు.

వాని దోస్తుగాడే భయపడ్డడు. "వద్దన్నా. పెండ్లిల్లు మనది."

"నా చెల్లె పెండ్లిల నన్ను కుంటోన్ని జేసిండు," అన్నడు తేజేష్. "దాన్ని నేను ఎత్తుకొని అత్తగారింటికి సాగదోలాలె. ఎట్ల ఎత్తుకోవాలె జెప్పు." జేబుల లైటర్ కోసం దేవులాడుతున్నడు.

అప్పుడు నా తలకాయకు పైన రబ్బరు కప్పు అద్దానికి పట్టిన సప్పుడు వినొచ్చింది. కౌసల్యమ్మ. తన కప్పు తన దిక్కు వేసింది, నాది నా దిక్కు వేసింది.

"ఏం జూస్తున్నవ్ కింద? పట్టు."

కుడిచేత్తోని పిడి పట్టుకొని లేచిన.

"కాళ్లతోని తన్నురా లోపట్నుంచి," అని పిలగానికి చెప్పింది. నా దిక్కు చూసి, "ఎత్తు," అన్నది.

ఆ మాట ఆమె నోటి నుంచి ఎన్నడు వినలేదు. లేపిన. ఎడమ చెయ్యి ఏలాడుతున్నది, కండ్ల ముందట అంత తెల్లగ అయింది. టేపులు పట్టపట్ట తెగినయ్. నల్ల పేస్టు బెల్లం పాకం తీరు తీగలు తీగలు సాగింది, సాగి సాగి ఇడిసిపెట్టింది. పిలగాడు ఆ సందుల నుంచి బానెట్ మీద పడి, దాని మీద నిలబడి, గోడ ఎక్కి అవతలికి దుంకిండు. దుంకుతుంటె ఆయన చెప్పు నా మూతికి తగిలింది.

తేజేష్ లైటర్ వెలిగించుకొని గోడ దిక్కు, మా మీదికి వచ్చిండు. మా చేతుల అద్దం ఉన్నది. ఇద్దరం ఏమనుకోకుండనే దాన్ని తిప్పి, అంచుతోని వాని రొమ్ముల గుద్దినం. వాడు ఎల్లెలకల పడ్డడు. లైటర్ వాని మీదనే పడ్డది. కుర్తా చెయ్యి భగ్గుమన్నది, ఆర్పుకోబోయిన రెండో చెయ్యి గూడ కాలింది. కింద కారిన పెట్రోల్ వెంట మంట కారుకెక్కింది. వాని దోస్తులు బైకుల దిక్కు ఉరికిన్రు, ఒక్కడు ఎనకకు చూడలేదు.

అద్దం నా మీదనే ఇడిసిపెట్టి కౌసల్యమ్మ బకెటు నీళ్లకు తడిసిన గోనెసంచి అందుకున్నది. వాని కాలర్ పట్టి మంట నుంచి గుంజుకొచ్చి, చేతులకు సంచి చుట్టి, మీద కూసున్నది. కుడి చేత్తోని మంట ఆర్పుతున్నది, ఎడమ చేత్తోని చెంపలు వాయిస్తున్నది. "చెల్లెను ఏ చేత్తోని సాగదోలుతవ్ ఇప్పుడు? ఏ చేత్తోని?" అంటున్నది. వాడు అమ్మా అమ్మా అంటుండు. ఎనక కారు టైర్లు ఒక్కొక్కటి పేలుతున్నయ్.

గోదాము వాచ్‌మన్ పోలీసోళ్లను పిలిచిండు. పిలగాడు అవతల ఆయన కుర్చీ కిందనే దొరికిండు. ఈసారి ఉరకలేదు. కాలు తొక్కింది కూడ తనే పోలీసోళ్లకు చెప్పిండు. ఇద్దరి మీద కేసులైనయ్. తేజేష్‌ది పెద్దది.

సర్కారు దవాఖానల నన్ను, తేజేష్‌ను ఒకే వార్డుల ఏసిన్రు, వాని మంచం కాడ పోలీసాయన. చెల్లె అత్తగారింటికి పోయింది, వాడు లేకుండనే. కౌసల్యమ్మ భుజానికి కట్టుతోనే నాకు బువ్వ తెచ్చేది. మూడోనాడో నాలుగోనాడో వాని దిక్కు మళ్లింది. వాని చేతులు రెండు బట్టల మూటలు.

"నోరు తెరువు," అన్నది.

వాడు గోడ దిక్కు తిరిగిండు.

"సిగ్గు తర్వాత పడుదువు. కూర సల్లగైతది."

తెరిచిండు. నేను చూస్తున్న. నా వంతు బెండకాయ కూర వానికి పోయింది.

నా గొప్పలు నేను ఎన్నో చెప్పుకుంట, పైన చెప్పుకున్న గూడ. ఉప్పల్‌ల ఎవరన్న అడిగితె, అద్దం వేసినోళ్లు మస్తుమంది, మనిషి కోసం పేస్టు ఆరకముందే లేపినోళ్లం మేమే అని చెప్తుంట. తాళం గోడ అవతల వేసిన తెలివి గూడ చెప్తుంట. కౌసల్యమ్మ అక్కడుంటే, "తాళం ముందే ఇస్తె పిలగాడు తణుకుల ఉండేటోడు గదా," అంటది. ఇస్తె అద్దం ఊడేది అంట నేను. ఈ పంచాయితీ ఇంకా తెగలేదు.

మొన్న వానకాలం నరేన్ మళ్ల ఫోన్ చేసిండు. ఇంకో కారు కొన్నడు, దానికి నిజంగనే రాయి తగిలింది. పోయినం. మేము అడగకముందే తాళంచెవి తెచ్చి నా జేబుల ఏసిండు. డోర్ల అద్దాలు మాత్రం ఎంత చెప్పినా దించనియ్యలేదు. డోర్లు నాలుగు తెరిచే పెట్టి పని చేసినం.

మోచెయ్యి అట్లయినప్పటి నుంచి నేను ఆమె దిక్కు చూసి లేపుతున్న. అందుకే మాట ఆమెదే అయింది. కప్పులు వేసినంక ఆమె నా దిక్కు చూసింది.

"నొస్తె జెప్పు. గొప్పలకు పోకు."

"నొస్తలేదు," అన్న.

"ఎత్తు," అన్నది. ఎత్తినం.